సిల్క్‌సాంగ్ వచ్చేలోపు హాలో నైట్‌ను మళ్లీ మొదటి నుంచి: నా అనుభవం

పురుగుల రాజ్యం హ్యాలోనెస్ట్‌లో నైట్ అనే చిన్న యోధుడిగా ఆడే వీడియో గేమ్ హాలో నైట్‌కి సీక్వెల్‌గా సిల్క్‌సాంగ్ వస్తోందని టీమ్ చెర్రీ ప్రకటించింది 2019 ఫిబ్రవరి 14న. అది మన చేతికి వచ్చేసరికి 2025 సెప్టెంబర్ 4 అయింది. అన్నేళ్లు ఊరించిన ఆట విడుదల తేదీని మాత్రం రెండే వారాల ముందు, ఆగస్టు 21న, ఒక ట్రైలర్‌లో తేల్చి చెప్పేశారు. ఆ వ్యవధిలో చేయాల్సిన పని నాకు ఒక్కటే కనిపించింది: ఖాళీ సేవ్ స్లాట్‌లో పాత ఆటను కొత్తగా మొదలుపెట్టి, ఎంత పూర్తయిందో చూపే లెక్కలో గరిష్ఠమైన 112 శాతం దాకా తీసుకెళ్లడం. కథ గుర్తుచేసుకోవడానికే అయితే ఏదో ఒక వీడియో చూస్తే సరిపోయేది. ఎన్ని దెబ్బలు కొడితే ఒక మాస్క్ (ప్రాణాన్ని కొలిచే లెక్క) తిరిగొస్తుంది, గాల్లో ఉండి కిందికి కొట్టాలంటే ఎంత ఎత్తులో నొక్కాలి, బాస్ (పెద్ద శత్రువు) ఎక్కడ ఆగుతుంది, ఆ సందులో ఎంత పని జరుగుతుంది - ఇవి చూస్తే వచ్చేవి కావు, ఆడితేనే వేళ్లకు ఎక్కుతాయి.

ఆలస్యం గురించి ముందు కొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో అరీ గిబ్సన్, విలియం పెల్లెన్ అనే ఇద్దరు మొదలుపెట్టిన స్టూడియో ఇది. 2014 చివర్లో, జనం నుంచి డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్‌లో 35,000 ఆస్ట్రేలియన్ డాలర్లు అడిగితే 57,000 పైగా వచ్చాయి. అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే చేస్తామని చెప్పిన వాటిలో రెండో పాత్రతో ఆడే అవకాశం ఒకటి. ఆ రెండో పాత్రే హార్నెట్. పాత ఆటకు అదనపు భాగంగా రావాల్సిన ఆ పని పెరిగి పెరిగి సిల్క్‌సాంగ్ అయింది. 2019 జూన్‌లో ఈ3 ప్రదర్శనలో జనం దాన్ని కాసేపు ఆడారు కూడా. 2022 జూన్ ఎక్స్‌బాక్స్ ప్రదర్శనలో, ఇక్కడ చూపించినవన్నీ 12 నెలల్లోపు ఆడొచ్చని చెప్పారు. ఆ గడువు ఇంకా ముగియకముందే 2023 మేలో, ఆట అనుకున్నదానికంటే పెద్దదైందనీ ఇంకా సమయం పడుతుందనీ స్టూడియో తరఫున మాథ్యూ గ్రిఫిన్ ప్రకటించాడు. తర్వాత దాదాపు రెండేళ్లు చెప్పుకోదగ్గ కబురు లేదు. 2025 ఏప్రిల్‌లో స్విచ్ 2 ప్రసారంలో కొన్ని క్షణాలు కనిపించి, ఈ ఏడాదే అని తెలిశాక గానీ జనం కుదుటపడలేదు.

ఏదో పెద్ద ఇబ్బంది వచ్చి పని ఆగిపోయిందని చాలామంది అనుకున్నారు. విడుదల ముందు బ్లూమ్‌బర్గ్‌తో మాట్లాడుతూ ఆ ఇద్దరూ చెప్పింది వేరు: చిన్న జట్టు, పని సరదాగా ఉంది, కొత్తవి చేరుస్తూ పోయాం అని. పాత ఆట చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. హాలో నైట్ 2017 ఫిబ్రవరి 24న పీసీలో వచ్చింది. అదే ఏడాది ఆగస్టు నుంచి 2018 ఆగస్టు లోపు హిడెన్ డ్రీమ్స్, గ్రిమ్ ట్రూప్, లైఫ్‌బ్లడ్, గాడ్‌మాస్టర్ అని నాలుగు విడతల అదనపు భాగాలు ఉచితంగా ఇచ్చారు. 100 దగ్గర ఆగాల్సిన శాతం 112కి చేరింది అలాగే. ఒక ఆటను ముగించి పక్కన పెట్టడం ఇష్టంలేని మనుషులు ఏడేళ్లు తీసుకున్నారంటే నాకు అది వాళ్ల పద్ధతిగానే కనిపించింది.

ఇక ఆట. మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కీబోర్డ్ మీద అయితే మొదటి నుంచి జెడ్ గెంతు, ఎక్స్ దెబ్బ, సీ డ్యాష్ (మెరుపులా ముందుకు దూసుకెళ్లడం), ఏ నయం కావడానికి. కంట్రోలర్ మీద డ్యాష్ కుడి ట్రిగ్గర్‌కి వస్తుంది. ఏది వాడినా పర్వాలేదు, కానీ సీక్వెల్‌కి కూడా అదే వాడాలి, మధ్యలో మార్చకూడదు. టీవీ మీద ఆడితే గేమ్ మోడ్ తప్పనిసరిగా వేసుకోవాలి. అది వేయకపోతే నొక్కడానికీ తెర మీద కదలడానికీ మధ్య వచ్చే ఆలస్యం వల్ల తప్పు మనదో టీవీదో తెలియదు. పీసీలో ఆట బొమ్మల్ని తెర వేగానికి ముడిపెట్టే వీ-సింక్ తీసేసి, ఫ్రేమ్ రేట్‌కి (సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకు) పరిమితి పెట్టుకుంటే ఆ ఆలస్యం ఇంకా తగ్గుతుంది. ఆటలో నాలుగు స్లాట్లు ఉంటాయి. విండోస్‌లో వాటి సేవ్ ఫైళ్లు యాప్‌డేటా లోపల LocalLow అనే ఫోల్డర్‌లో, టీమ్ చెర్రీ పేరుతో ఉంటాయి. పెద్ద బాస్‌ల ముందు వాటిని కాపీ చేసి వేరే చోట పెట్టుకోవడం మంచిది. కరెంటు పోయే ఇళ్లలో అయితే మరీను.

మొదటి గంటలో అంతా డబ్బు లెక్కే. ఇక్కడ డబ్బు పేరు జియో. ఫర్గాటెన్ క్రాస్‌రోడ్స్‌లో నేల మీద కాగితాలు చెల్లాచెదురుగా కనిపిస్తే, సన్నగా కూనిరాగం వినిపిస్తే, మ్యాప్‌లు గీసి అమ్మే కార్నిఫర్ పక్కనే ఉన్నట్టు. అతని దగ్గర మ్యాప్ 30 జియో. డర్ట్‌మౌత్ అనే ఊళ్లో అతని భార్య ఇసెల్డా దగ్గర కలం 120, దిక్సూచి చార్మ్ (పెట్టుకుంటే ఒక శక్తి ఇచ్చే తాయెత్తు) 220. కలం లేకుండా మ్యాప్ కొంటే మనం కొత్తగా తిరిగిన గదులు దాని మీద పడవు. కలం ఉన్నా సరే, బెంచ్ (విశ్రాంతి తీసుకుని ఆటను సేవ్ చేసుకునే చోటు) మీద కూర్చుంటేనే మన నైట్ గీస్తాడు. కొత్తవాళ్లు తికమక పడేది ఇక్కడే: ఎంత తిరిగినా మ్యాప్ మారదు, ఆట పాడైందేమో అనుకుంటారు. దిక్సూచి ఒక నాచ్ (చార్మ్ పెట్టుకునే గడి) తింటుంది. మొదట్లో ఉండేవి మూడే నాచ్‌లు కాబట్టి తెలిసిన దారుల్లో దాన్ని తీసేసి వేరే చార్మ్ పెట్టుకోవడం లాభం. రెండోసారి ఆడేవాళ్లకు అసలు అది అక్కర్లేదు.

పల్లె ఇంట్లో చిక్కుకున్న స్లైని విడిపిస్తే డర్ట్‌మౌత్‌లో దుకాణం తెరుస్తాడు. అతని దగ్గర లూమాఫ్లై లాంతరు 1,800 జియో. మొదటిసారి ఆడేవాళ్లు క్రిస్టల్ పీక్ చీకటి గదుల కోసం ఆ డబ్బు కూడబెడుతూ విసిగిపోతారు. ఆ అవసరం లేదు. సిటీ ఆఫ్ టియర్స్‌లో సోల్ మాస్టర్ అనే బాస్‌ని ఓడిస్తే వచ్చే డిసోలేట్ డైవ్ అనే మంత్రంతో నేల పగలగొట్టుకుని వేరే వైపు నుంచి క్రిస్టల్ పీక్‌లోకి వెళ్లొచ్చు. లాంతరు తర్వాత తీరిగ్గా కొనుక్కోవచ్చు. పాత వస్తువులు దాచుకోకుండా సిటీలో ఉండే లెమ్‌కి అమ్మేయాలి: వాండరర్స్ జర్నల్‌కి 200, హ్యాలోనెస్ట్ సీల్‌కి 450, కింగ్స్ ఐడల్‌కి 800, ఆర్కేన్ ఎగ్‌కి 1,200 ఇస్తాడు. చచ్చినా ఇవి పోవు, జియో మాత్రం పోతుంది. అందుకని అవసరమయ్యే దాకా వస్తువుగానే ఉంచుకుని, కొనాల్సిన రోజున అమ్మడం తెలివైన పద్ధతి.

ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు నెయిల్, అంటే మన కత్తి. మొదట్లో దాని దెబ్బ 5. నెయిల్‌స్మిత్ దగ్గర 250 జియో ఇస్తే 9 అవుతుంది. అంటే ఒక్కసారిగా 80 శాతం పెరుగుదల. ఆట మొత్తంలో ఇంత చవకగా ఇంత బలం ఇంకెక్కడా రాదు. తర్వాత 800 జియో, ఒక పేల్ ఓర్ (అరుదైన ఖనిజం)తో 13. 2,000 జియో, రెండు ఓర్లతో 17. 4,000 జియో, మూడు ఓర్లతో 21. మొత్తం ఆరు ఓర్లు కావాలి, ఆటలో ఉన్నవీ ఆరే. ఏన్షియంట్ బేసిన్‌లో ఒకటి, క్రిస్టల్ పీక్ శిఖరాన ఒకటి, డీప్‌నెస్ట్‌లో నాస్క్ అనే బాస్‌ని చంపితే ఒకటి, బందీలైన పిల్ల పురుగులు గ్రబ్‌లను 31 విడిపిస్తే వాటి నాన్న ఇచ్చేది ఒకటి, కలల నుంచి పోగుచేసే ఎసెన్స్ 300 కూడితే సీర్ అనే చిమ్మట ఇచ్చేది ఒకటి, కొలోసియం అనే పోరాట రంగంలో రెండో పరీక్ష నెగ్గితే ఒకటి. బేసిన్, శిఖరం, సీర్ ఈ మూడూ కష్టం లేకుండా దొరుకుతాయి కాబట్టి 17 దాకా ముందే వెళ్లిపోవచ్చు. వాచర్ నైట్స్ అనే బాస్‌ల ముందు నెయిల్ 13 ఉందా 17 ఉందా అన్నది ఆ పోరాటం నిడివిని బాగా మారుస్తుంది.

ఆ వాచర్ నైట్స్ మొత్తం ఆరుగురు, ఒకేసారి ఇద్దరు మీదికి వస్తారు. పోరాటానికి ముందు పై వైపు దాక్కున్న గదిలోకి గోడ పగలగొట్టుకుని వెళ్లి అక్కడి షాండ్లియర్‌ని తెంపితే, అది కింద ఒకడి మీద పడి వాడు లేవకుండానే పోతాడు. మిగిలేది ఐదుగురు. ఈ ఒక్క సంగతి తెలియక అక్కడే ఆట వదిలేసినవాళ్లు ఉన్నారు.

ఈసారి నేను ఎక్కువసేపు ఉన్నది గ్రీన్‌పాత్‌లో హార్నెట్ దగ్గర, మాంటిస్ లార్డ్స్ అనే బాస్‌ల దగ్గర. సిల్క్‌సాంగ్‌లో మనం ఆడబోయేది హార్నెట్‌గానే కాబట్టి ఆమె కదలికల్ని శత్రువు వైపు నుంచి చూసే అవకాశం ఇదే. సూది విసిరి దారంతో వెనక్కి లాక్కుంటుంది, నేల బారున దూసుకొస్తుంది, గాల్లోంచి వాలుగా పడుతుంది, ఒకచోట ఆగి చుట్టూ దారం తిప్పుతుంది. దారం తిప్పేటప్పుడు దూరంగా ఉండి నయం చేసుకోవచ్చు. సూది విసిరినప్పుడు దాని మీదుగా గెంతి రెండు దెబ్బలు వేయొచ్చు. కింగ్‌డమ్స్ ఎడ్జ్‌లో రెండోసారి ఎదురైనప్పుడు ముళ్ల ఉచ్చులు వదులుతుంది, మన దెబ్బను ఆపి తిరగ్గొడుతుంది కూడా. ఆమె ఆగి నిలబడితే తొందరపడి కొట్టకూడదు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ దారపు సుడి మన చేతిలో థ్రెడ్ స్టార్మ్‌గా, విసురు సిల్క్‌స్పియర్‌గా వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే మనిషని నమ్మబుద్ధి అవుతుంది. పాత్రను ఇంత నిజాయితీగా ముందుకు తెచ్చిన సీక్వెల్స్ తక్కువ.

మాంటిస్ లార్డ్స్ దగ్గర నేర్చుకునేది లయ. ముందు ఒక్కరు, ఆ తర్వాత ఇద్దరు కలిసి వస్తారు. వాళ్లకు ఉన్నవి మూడే ఎత్తులు: అడ్డంగా దూసుకురావడం, నెత్తి మీదికి దిగడం, గోడ పట్టుకుని తిరిగొచ్చే ఆయుధం విసరడం. మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు. అడ్డంగా వస్తే గెంతి కిందికి కొట్టాలి, దిగితే పక్కకు డ్యాష్, విసిరితే కింద నిలబడి అది వచ్చే వంపు చూసుకోవాలి. ఒక్క దెబ్బ కూడా తినకుండా ఈ పోరాటం దాటగలిగితే మీ చేతులు సిద్ధమైనట్టే.

ఇక్కడ నయం చేసుకోవడం లెక్క చెప్పాలి, ఎందుకంటే రెండు ఆటల మధ్య అసలు తేడా అంతా దానిలోనే ఉంది. హాలో నైట్‌లో సోల్ అనే శక్తిని నింపుకునే గిన్నెలో 99 పడుతుంది. శత్రువుకు వేసే ఒక్కో దెబ్బకు 11 వస్తుంది, ఒక మాస్క్ నయం కావడానికి 33 పోతుంది. అంటే మూడు దెబ్బలకు ఒక మాస్క్. మంత్రానికీ అదే 33. ఒక మాస్క్ చొప్పున తీసుకోవచ్చు కాబట్టి చిన్న చిన్న సందుల్లో ఒక్కోటి నింపుకుంటూ పోవడం మనకు అలవాటైపోతుంది. బాస్‌లలో చాలామంది ఒక దెబ్బకు ఒక మాస్కే తీస్తారు. నైట్‌మేర్ కింగ్ గ్రిమ్, ప్యూర్ వెసెల్ లాంటి కొందరే రెండేసి తీస్తారు, ఆపాటికి మన దగ్గర తొమ్మిది మాస్క్‌ల దాకా ఉంటాయి.

112 శాతం ఎలా వస్తుందో తెలిస్తే తిరుగుడు సగం తగ్గుతుంది. అందులో 40 శాతం చార్మ్‌లదే, ఒక్కో చార్మ్‌కి ఒక శాతం. డ్యాష్, గోడ ఎక్కడం, రెండో గెంతు లాంటి ఏడు శక్తులకు రెండేసి చొప్పున 14. బాస్‌లకు 14. వారియర్ డ్రీమ్స్ అనే యోధుల ఆత్మలకు 7, మంత్రాలకు 6, నెయిల్ పదునుకు 4, మాస్క్‌లకు 4, సోల్ వెసెల్స్‌కి 3, నెయిల్ ఆర్ట్స్ అనే ప్రత్యేక దెబ్బలకు 3, ముగ్గురు డ్రీమర్స్‌కి 3, కలల్లోకి వెళ్లనిచ్చే డ్రీమ్ నెయిల్‌కి 3, కొలోసియానికి 3, గ్రిమ్ బృందానికి 2, వరల్డ్ సెన్స్ అనే శక్తికి 1, గాడ్‌మాస్టర్‌కి 5. కాబట్టి శాతం కోసమే అయితే 46 గ్రబ్‌లనూ వెతకాల్సిన పని ఉందా అంటే ఉంది: చివరి గ్రబ్‌ని విడిపిస్తే వచ్చే చార్మ్ ఆ 40లో ఒకటి. టవర్ ఆఫ్ లవ్‌లో కలెక్టర్‌ని ఓడిస్తే దొరికే మ్యాప్ మీద మిగిలిన గ్రబ్‌లన్నీ కనబడతాయి. దాని తాళంచెవి క్వీన్స్ గార్డెన్స్‌లో ఉంటుంది. అది దొరక్కముందే ఒక్కో గ్రబ్ కోసం గోడలన్నీ తట్టుకుంటూ తిరగడం వృథా.

సింపుల్ కీలు అనే తాళంచెవులు మొత్తం నాలుగు, వాడే చోట్లూ నాలుగే. అందుకని తలుపు కనబడిందని వాడేసినా చివరికి నష్టం లేదు. గాడ్‌మాస్టర్ మొదలు కావాలంటే మాత్రం వాటిలో ఒకటి రాయల్ వాటర్‌వేస్‌లో చెత్తకుప్పల కింద ఉన్న శవపేటికకు వాడాలి.

వైట్ ప్యాలెస్ అనే ప్రాంతానికి వెళ్లాలంటే 1,800 ఎసెన్స్‌తో మేల్కొన్న డ్రీమ్ నెయిల్ ఉండాలి. అక్కడ శత్రువులు తక్కువ, రంపాలు ఎక్కువ. హైవ్‌బ్లడ్ చార్మ్ నాలుగు నాచ్‌లు తిన్నా అక్కడ దాన్ని మించింది లేదు: పోయిన మాస్క్ కాసేపు నిలబడితే తనంతట తానే తిరిగొస్తుంది. ప్యాలెస్ లోపల పాత్ ఆఫ్ పెయిన్ అనే దాగిన దారి శాతంలోకి రాదు. వస్తుందనుకుని అక్కడ తల బద్దలు కొట్టుకోకండి. గాడ్‌మాస్టర్‌లోని ఐదో పాంథియాన్, 42 మంది బాస్‌ల వరస, అది కూడా శాతంలోకి రాదు. మొదటి నాలుగే లెక్కలోకి వస్తాయి.

పువ్వు మోసే పని గురించి ఒక్క మాట. రెస్టింగ్ గ్రౌండ్స్‌లో ఇచ్చిన పువ్వును క్వీన్స్ గార్డెన్స్ చివర సమాధి దాకా ఒక్క దెబ్బ తినకుండా చేర్చాలి. స్టాగ్ (ప్రాంతాల మధ్య మోసుకెళ్లే సవారీ పురుగు) ఎక్కకూడదు, డ్రీమ్ గేట్ (ఒక్కసారిగా వేరే చోటికి చేర్చేది) వాడకూడదు. ముందుగా ట్రెయిటర్ లార్డ్ అనే బాస్‌ని ఓడించి ఉండాలి, సమాధి అతని అవతలే ఉంది. ఆ తర్వాత గమ్యం వైపు నుంచి వెనక్కి నడుస్తూ దారిలో పెద్ద శత్రువుల్ని చంపుకుంటూ రావాలి. బెంచ్ మీద కూర్చోనంత వరకు వాళ్లు తిరిగి లేవరు. ఇక పువ్వు తీసుకుని ఖాళీ దారిలో నడవడమే. ఇక్కడ విఫలమయ్యేవాళ్లలో ఎక్కువమంది దారి శుభ్రం చేసి, అలవాటుగా బెంచ్ మీద కూర్చుని, మళ్లీ నిండిన దారిలో బయల్దేరినవాళ్లే.

కథ వైపు నుంచి డీప్‌నెస్ట్‌ని మాత్రం తొందరగా దాటకండి. హార్నెట్ తల్లి హెర్రా పడుకున్నది అక్కడే. నేత సాలెపురుగులైన వీవర్ల గూడు, వాళ్ల నేత గదులు అక్కడే. అక్కడ దొరికే వీవర్‌సాంగ్ చార్మ్ వివరణలో, వీవర్లు హ్యాలోనెస్ట్ విడిచి తమ పాత ఇంటికి వెళ్లిపోయారని ఉంటుంది. 2017లో ఆ వాక్యం ఒక అలంకారంలా కనిపించింది. సిల్క్‌సాంగ్ జరిగే ఫార్లూమ్ రాజ్యంలో అడుగుపెట్టాక అది సీక్వెల్‌కి తలుపు అని అర్థమవుతుంది. పట్టు, దారం, పాట, బందీగా తెచ్చిన హార్నెట్, అంతా ఆ గదుల్లోంచే మొదలవుతుంది.

సిల్క్‌సాంగ్ మన సమయం ప్రకారం గురువారం సాయంత్రం 7:30కి తెరుచుకుంది. తాకిడికి ఆన్‌లైన్ దుకాణాలు కాసేపు మొరాయించాయి. ఆ వారం తమ ఆటలు విడుదల చేయాల్సిన చిన్న స్టూడియోలు కొన్ని ముందే తప్పుకున్నాయి. డీమన్‌స్కూల్ నవంబర్‌కి, బేబీ స్టెప్స్ అదే సెప్టెంబర్ చివరి వారంలోకి జరిగాయి. ఒక 20 డాలర్ల ఆట ముందు మిగతావాళ్లు దారి ఇవ్వడం మామూలు సంగతి కాదు.

ఇక పాత అలవాట్లు ఏవి నిలిచాయో చూద్దాం. మ్యాప్, కలం, బెంచ్ పద్ధతి అదే, అమ్మేది షక్రా. దిక్సూచి మళ్లీ ఉంది. చచ్చిన చోట డబ్బు వదిలేయడం కూడా అదే, కానీ ఈసారి పాత ఆటలోలా మన నీడ (షేడ్) లేచి పోట్లాడదు, ఒక పట్టుగూడు మిగులుతుంది. దాన్ని కొడితే డబ్బుతో పాటు పట్టు కూడా నిండుతుంది. బాస్ గదిలోనే గూడు పడితే వెంటనే పగలగొట్టకుండా, పోరాటం మధ్యలో నయం అవసరమైనప్పుడు కొట్టడం మంచి ఎత్తు.

డబ్బు రెండు రకాలు. రోజరీ పూసలు కొనుగోళ్లకు, షెల్ షార్డ్‌లు పోరాటంలో విసిరే పనిముట్లకు. అడవి పురుగుల్ని ఎన్ని చంపినా పూసలు రాలవు, షార్డ్‌లే వస్తాయి. పూసలు రాల్చేది యాత్రికుల్లాంటివాళ్లు. మొదటి ప్రాంతాల్లో డబ్బు చాలట్లేదని బాధపడేవాళ్లు చూడాల్సింది ఇదే. పూసల్ని దండలుగా గుచ్చుకుంటే కొంత కోత పడుతుంది గానీ చచ్చినా దండ పోదు. పాత ఆటలో అమ్మకుండా దాచిన సీల్స్, ఐడల్స్ చేసిన పనిని ఇక్కడ దండలు చేస్తాయి. షార్డ్‌ల సంచి మొదట్లో 400 పడుతుంది. పనిముట్లు బెంచ్ దగ్గర నిండేది వాటితోనే. ఒకే బాస్ దగ్గర మళ్లీ మళ్లీ ఓడుతూ ప్రతిసారీ పనిముట్లన్నీ విసిరేస్తే సంచి ఖాళీ అయి, బెంచ్ మీద కూర్చున్నా చేతికేమీ రాదు. ముందు సూదితోనే బాస్ నేర్చుకుని, గెలుపు దగ్గరపడ్డాక పనిముట్లు తీయాలి.

నయం లెక్క మాత్రం చూడటానికి కొత్తది. ఒక దెబ్బకు ఒక పోగు పట్టు. బైండ్ (ఇక్కడ నయం కావడం) చేయాలంటే తొమ్మిది పోగులు, ఒకేసారి మూడు మాస్క్‌లు. తొమ్మిది దెబ్బలకు మూడు అంటే మూడింటికి ఒకటి, పాత ధరే. తేడా ఏమిటంటే చిల్లర దొరకదు: మూడు దెబ్బలు కొట్టి ఒక మాస్క్ తీసుకోవడం కుదరదు. మొదటి స్పూల్‌లో (పట్టు చుట్టుకునే కండెలో) పట్టేది సరిగ్గా తొమ్మిదే కాబట్టి, నాలుగు పోగుల సిల్క్‌స్పియర్ ఒకటి విసిరితే బైండ్ అంత దూరం జరిగిపోతుంది. బైండ్ మధ్యలో దెబ్బ తగిలితే పట్టంతా పోయినట్టే. దానికి బదులుగా బైండ్‌ని గాల్లో కూడా చేయొచ్చు. నేల మీద సందు దొరకని బాస్‌ల దగ్గర ఇదే దారి.

దీనికి తోడు చాలా బాస్‌లు దెబ్బకు రెండు మాస్క్‌లు తీస్తాయి. మొదట ఉండే ఐదు మాస్క్‌లతో మూడో దెబ్బకు చస్తాం. ఆరో మాస్క్ తెచ్చుకున్నా మూడో దెబ్బకే చస్తాం; ఏడోది వస్తే గానీ నాలుగో దెబ్బ దాకా నిలబడం. అందుకే మాస్క్ ముక్కలు నాలుగు కూడినా ఆట ఏమీ తేలిక కాలేదే అనిపిస్తుంది. ఇంకో లెక్క: ఒక దెబ్బ తిని మూడు మిగిలినప్పుడు బైండ్ చేస్తే ఒక మాస్క్ వృథా పోయినట్టు కనిపిస్తుంది. రెండో దెబ్బ కూడా తిని, ఒకటి మిగిలాక చేస్తే నాలుగవుతాయి, వృథా లేదు. కానీ మొత్తం ఎన్ని దెబ్బలకు చస్తామో కూడి చూడండి, రెండు దారుల్లోనూ నాలుగో దెబ్బకే. ఫలితం ఒకటే అయినప్పుడు మూడు మిగిలి ఉండగానే, సందు దొరకగానే చేసేయడం మేలు. ఒక మాస్క్‌తో సందు కోసం చూస్తూ తిరగడం అనవసరపు ప్రమాదం.

ఈ రెండేసి మాస్క్‌ల దెబ్బకు అలవాటు పడాలంటే పాత ఆటలోనే ఒక సాధన ఉంది. కనీసం ఒక నాచ్ ఖాళీగా ఉంచి, దాన్ని మించిన చార్మ్‌ని మళ్లీ మళ్లీ నొక్కితే అది బలవంతంగా ఎక్కుతుంది. దాన్ని ఓవర్‌చార్మ్ అంటారు, ఆ స్థితిలో మనకు తగిలే ప్రతి దెబ్బా రెట్టింపు. అలా ఐదు మాస్క్‌లతో మాంటిస్ లార్డ్స్‌ని దాటినవాళ్లకు ఫార్లూమ్ మొదటి బాస్‌లు అంత కొత్తగా అనిపించవు. సిల్క్‌సాంగ్ కొని ఇంకా తెరవనివాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

అన్నిటికంటే ఎక్కువ ఎదురుతిరిగేది కిందికి కొట్టడం. నైట్ నెయిల్ నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. హార్నెట్ మొదటి క్రెస్ట్‌లో (దాడి తీరును నిర్ణయించే ముద్రలో) సూదితో వాలుగా, ముందుకు దూకుతుంది. పాత అలవాటుతో శత్రువు నెత్తి మీదికి వెళ్లి నొక్కితే దాన్ని దాటేసి అవతల పడతాం. శత్రువుకు కొంచెం వెనక, కొంచెం పైన ఉండగానే నొక్కాలి. హంటర్స్ మార్చ్‌లో ఎర్ర పూల మీద ఎగిరే దారులు దీనికోసమే పెట్టినట్టుంటాయి, అక్కడ కాసేపు సాధన చేస్తే వాలు పట్టుబడుతుంది. ఎంతకీ కుదరనివాళ్లు వాండరర్ క్రెస్ట్ వెతుక్కోవాలి. దాని దెబ్బ వేగంగా, పొట్టిగా, నిట్టనిలువుగా ఉంటుంది. పాత నెయిల్‌కి అన్నిటికంటే దగ్గరది అదే.

మొదటి రోజుల్లో ఆట మరీ కఠినంగా ఉందన్న మాట గట్టిగా వినిపించింది. కొద్ది రోజులకే వచ్చిన ప్యాచ్‌లో (ఆటకు చేసిన దిద్దుబాటులో) మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే ఇద్దరు బాస్‌లను కాస్త మెత్తబరిచారు, ఆట మధ్య భాగంలో బెంచ్‌ల ధరలు తగ్గించారు. కాబట్టి విడుదల వారంలో రాసిన సలహాలు చదివేటప్పుడు ఈ మార్పులు గుర్తుంచుకోండి. సూది మొదటి పదును బెల్‌హార్ట్‌లో విడో అనే బాస్‌ని ఓడించాక, సూదికి పదునుపెట్టే ప్లిన్నీ దగ్గర దొరుకుతుంది. అది చేయించకుండా లాస్ట్ జడ్జ్ అనే బాస్ దగ్గరికి వెళ్లకండి. పాత ఆటలో 250 జియోకి వచ్చిన ఆ తొలి పదును ఎంత తేడా చూపిందో ఇక్కడా అంతే చూపుతుంది. ఆ తర్వాతి మూడు పదునులకు ఒక్కో పేల్ ఆయిల్ చొప్పున కావాలి. దొరికిన ఆయిల్‌ని దొరికినట్టే ప్లిన్నీకి చేర్చేయండి.